టకటక బాబాయ్

2024 అక్టోబర్ 22 సాయంత్రం. విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఒక్కసారిగా పైకి లేచి ఆకాశంలో బొమ్మలు గీస్తున్నాయి. జనమంతా తలలెత్తి చూస్తున్నారు. టకటక బాబాయ్ మాత్రం తల దించుకుని వేళ్ల మీద ఏదో లెక్క వేస్తున్నాడు. కాసేపటికి పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం తట్టి, “ఇన్నిటికీ ఛార్జింగ్ ఎవరు పెట్టుంటారంటారు?” అని అడిగాడు. ఆ మనిషి రెండడుగులు దూరం జరిగి నిలబడ్డాడు.

ఈ జాతి వాళ్లు పాలిటెక్నిక్ లెక్చరర్లలో ఉంటారు, విద్యుత్ శాఖలో ఉంటారు, ఐటీ కంపెనీల్లోనూ ఉంటారు. ఉద్యోగాలు వేరైనా అందరి రోగం ఒకటే. సొంతంగా కట్టుకున్న డ్రోన్ ఒకటి ఉంటుంది. అది ఎగిరేది ఒక్కో బ్యాటరీకి ఆరేడు నిమిషాలు. ఆ బ్యాటరీ నిండడానికి గంట పైమాటే. అంటే డ్రోన్ సరదా అనేది తొంభై పాళ్లు ఛార్జింగే. ఈ సంగతి తెలిశాక మామూలు మనిషి డ్రోన్ అమ్మేసుకుంటాడు. బాబాయ్ ఛార్జింగ్‌నే సరదాగా మార్చుకున్నాడు.

నాలుగు బ్యాటరీలు వరసగా తగిలిస్తే వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి నిండే హబ్‌లు బజార్లో దొరుకుతాయి. డీజేఐ వాళ్ల హబ్ అయితే మూడింట్లో ఎక్కువ ఛార్జ్ ఉన్నదాన్ని ముందు ఎంచుకుని నింపుతుంది కూడా. పిన్ని ఆ మాటే అంది, “ఒకటి కొనుక్కోవచ్చుగదండీ?” అని. “వాళ్ల బ్యాటరీకే వాళ్ల హబ్బు. మనవి విడి లైపోలు. అయినా కొంటే అందులో మనం చేసిందేముంటుంది?” అన్నాడు బాబాయ్. మొదటి రెండు వాక్యాలూ నిజమే. మూడోదే అసలు కారణం.

లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీది సున్నితమైన ఒళ్లు. ఒక్కో సెల్ 4.2 వోల్ట్ల దగ్గర నిండిపోతుంది. అది దాటించి నింపితే వేడెక్కుతుంది, పూరీలా ఉబ్బుతుంది, ఖర్మ కాలితే అంటుకుంటుంది. 3 వోల్ట్ల కిందికి పీల్చేస్తే మళ్లీ కోలుకోవడం కష్టం. నాలుగు సెల్స్ ఉన్న ప్యాక్‌లో నాలుగింటినీ విడివిడిగా కనిపెట్టుకుని ఉండాలి. అందుకే లావు వైర్లు రెండు కాకుండా, తెల్ల కనెక్టర్‌తో సన్న వైర్లు మరో అయిదు బయటికి వస్తాయి. మంచి ఛార్జర్ ముందు కరెంటును నిలకడగా పంపి, 4.2 తగలగానే వోల్టేజీని అక్కడే పట్టి, కరెంటును మెల్లగా తగ్గించుకుంటూ వస్తుంది. ఇదంతా చేసే ఛార్జర్ బాబాయ్ దగ్గర ముందే ఉంది. ఐమ్యాక్స్ బీ6 అని, లోకమంతా నకళ్లు తిరిగే నీలం డబ్బా. దానికి రానిదల్లా ఒక బ్యాటరీ అయ్యాక ఇంకోదానికి మారడమే.

మారడం సంగతి తర్వాత, ముందు బటన్. ఆ డబ్బాలో ఛార్జింగ్ మొదలవ్వాలంటే బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. అప్పుడది సెల్స్ లెక్కపెట్టి, “నువ్వు చెప్పిందీ నేను చూసిందీ సరిపోయాయా?” అన్నట్టు రెండు అంకెలు చూపిస్తుంది. మనిషి చూసుకుని మళ్లీ నొక్కాలి. బాబాయ్ తొమ్మిది గ్రాముల సర్వో మోటారుకి ఐస్‌క్రీమ్ పుల్ల అతికించి, ఆ రెండు నొక్కుళ్లూ దానికి అప్పగించాడు. మనిషి ఆలోచించి జవాబు చెప్పాలని పెట్టిన ప్రశ్న అది. ఐస్‌క్రీమ్ పుల్ల దేనికైనా ఊఁ కొడుతుంది.

ఇక మార్చడం. ఒక్కో బ్యాటరీకి సన్న వైర్లు అయిదు, లావు వైర్లు రెండు, మొత్తం ఏడు. నాలుగు బ్యాటరీలకు ఇరవై ఎనిమిది. వైరుకో రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఎనిమిదేసి రిలేలున్న బోర్డులు నాలుగు తెచ్చాడు. అన్నిటినీ ఆర్డుయినో అనే బుల్లి కంట్రోలర్ బోర్డుకి కలిపాడు. రాత్రి పదకొండింటికి స్విచ్ వేస్తే ఏడు రిలేలు ఒకేసారి “టక్” మన్నాయి. వెంటనే ఆర్డుయినో ఆరిపోయి మళ్లీ వెలిగింది. మళ్లీ టక్. మళ్లీ ఆరింది. టకటకటక. కాలనీ పిల్లలు పేరు పెట్టింది ఆ వారంలోనే. కారణం వెతికితే లెక్క దొరికింది. ఒక్కో రిలే 70 మిల్లీ ఆంపియర్ల పైన లాగుతుంది. ఏడూ కలిస్తే అర ఆంపియర్. అంత బరువు బోర్డు మోయలేక మూర్ఛపోయి, లేచిన ప్రతిసారీ మొదటి బ్యాటరీ దగ్గర్నుంచి మొదలుపెడుతోంది. రిలేలకు వేరే సప్లై ఇచ్చాక గాని దానికి స్పృహ నిలవలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి, ఇవన్నీ బిగించిన బాబాయ్ బాక్సు తెర మీద 4.41 వోల్ట్లు కనిపించింది. చీపురు కర్రతో వైర్లన్నీ పీకి పారేశాడు. తీరా చూస్తే పక్కనే బీ6 ప్రశాంతంగా 4.20 చూపిస్తోంది. తప్పు బాక్సులో వోల్టేజీ కొలవడానికి పెట్టిన రెసిస్టర్లది. అయిదు శాతం తేడా ఉండొచ్చని ఒంటి మీద గీత గీసి మరీ అమ్మే రకం అవి. 4.2లో అయిదు శాతం అంటే 0.21. ఆ గీత బంగారు రంగులో ఉంటుంది. ఒక్క శాతం తేడా ఉండే మేలు రకానికి మాత్రం గోధుమ రంగు గీత వేస్తారు. రంగుల పట్టిక రాసిన మహానుభావుడెవరో బంగారం ధర ఎరిగిన ఇంట పుట్టినవాడు కాడు.

ఇప్పుడా బాక్సు బాగానే పనిచేస్తుంది. నాలుగు బ్యాటరీలూ వరసగా నిండుతాయి, అయిపోగానే ఈల వేస్తుంది. అయితే లైపో శాస్త్రంలో మొదటి నియమం ఒకటుంది, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీని వదిలి వెళ్లకూడదని. అది తెలిసినవాడు కాబట్టే బాబాయ్ డాబా మీద స్టూలు వేసుకుని, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని అయిదు గంటలూ కూర్చుంటాడు. ఒకటొకటిగా చేత్తో మార్చుకున్న రోజుల్లో మధ్యలో కాస్త లేచి కాఫీ తాగేవాడు. ఇప్పుడు బ్యాటరీలనీ చూడాలి, వాటిని చూస్తున్న బాక్సునీ చూడాలి. మే నెలలో ఆ కూర్చోవడం తెల్లవారుజాముకి మారుతుంది. 40 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయొద్దని బ్యాటరీ వాళ్లు రాస్తారు మరి. ఏసీ బెడ్‌రూంలో పెట్టుకుంటానని ఒకసారి అడిగి చూశాడు. పిన్ని మాట్లాడలేదు. చూసింది.

ఆదివారం వాన పడి ఎగరేయడం కుదరకపోతే మరో తంటా. నిండిన బ్యాటరీని రోజుల తరబడి అలాగే ఉంచితే పాడవుతుంది, సెల్‌కి 3.8 దాకా దించి దాచాలి. బీ6 దించుతుంది గాని, 5 వాట్ల వేగంతో. 5,000 ఎంఏహెచ్ నాలుగు సెల్స్ ప్యాక్‌లో సగం దించాలన్నా ఏడు గంటలు దాటుతుంది. అందుకని బాబాయ్ రెండు కారు హెడ్‌లైట్ బల్బులు సిరీస్‌లో కలిపి వెలిగిస్తాడు. వాన రాత్రి ఆ డాబా మీద ఏదో లారీ ఎక్కినట్టుంటుంది.

సంక్రాంతికి పిన్ని తమ్ముడు వచ్చాడు. పల్నాడులో మిరప చేలకు డ్రోన్‌తో మందు కొడతాడు. వ్యాన్‌లోంచి రెండు బ్యాటరీలు దించాడు. ఒక్కోటి ఆరు సెల్స్, 22,000 ఎంఏహెచ్. మందు ట్యాంకుతో ఎగిరితే ఆ జత పావుగంటకే ఖాళీ.

“బావగారూ, మీ మిషన్ మీద ఇవి ఎక్కుతాయా?”

“ఎందుకెక్కవు? ఆరు సెల్స్ దాకా పడుతుంది. ఒకటి కాగానే రెండోది అదే అందుకుంటుంది.”

పిన్ని హైస్కూల్లో లెక్కల టీచరు. ముగ్గు వేస్తూనే అడిగింది, “మీ డబ్బా ఎన్ని వాట్లు?”

“యాభై.”

“ఒరేయ్, జతకి దగ్గర దగ్గర యూనిట్ కరెంటు పడుతుంది. ఇరవై గంటలు. కనుమ నాడు రా.”

తమ్ముడు నవ్వేసి వ్యాన్‌లో జెనరేటర్ లాగి, తన పెద్ద ఛార్జర్ తగిలించుకున్నాడు. గంట తిరక్కుండా పని అయిపోయింది. బాబాయ్ ఆ గంటసేపూ జెనరేటర్ చుట్టూ తిరిగాడు. పండగ వెళ్లిన మర్నాడు పాత సర్వర్లలోంచి ఊడదీసిన 12 వోల్ట్ల పవర్ సప్లైలు రెండు ఇంటికి వచ్చాయి. రెంటినీ సిరీస్‌లో వేస్తే 24 వోల్ట్లు, వెయ్యి వాట్లకు ఢోకా లేదట. ఛార్జర్ కూడా ఈసారి సొంతమేనట.

“ఇందులో బటన్ ఒక్కటే,” అన్నాడు పిన్నికి చూపిస్తూ. “ఇదిగో, ఈ ఎర్రది.”

“స్టార్టా?”

“స్టార్ట్ దానంతటదే అవుతుంది. పొగ వస్తే నువ్వు ఇది నొక్కాలి.”

“నాకు స్కూలుంది,” అంది పిన్ని.