తుప్పు పరీక్షా కేంద్రం

బైకు బిల్డ్ క్వాలిటీ తెలియాలంటే షోరూమ్‌కెళ్లడం దండగ. ఏ పోలీస్ స్టేషన్ ప్రహరీ పక్కకైనా వెళ్లండి. ఎండా, వానా అక్కడ ఫ్రీ! సైలెన్సర్ అడుగున చిల్లు, పెట్రోల్ ట్యాంకు మూత చుట్టూ ఎర్రటి పొక్కులు, చక్రం చువ్వల సందుల్లోంచి ఏపుగా ఎదిగిన పిచ్చిమొక్క. పట్టుకున్న బళ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచితే లాభం లేదనీ, ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు మీద ఓనరుకిచ్చేయొచ్చనీ సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ తీర్పుకీ తుప్పు పట్టినట్టుంది! ఒక్క ఊరట: హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు అల్యూమినియంది, తుప్పు పట్టదు. కేసు నెగ్గినాయన తన బండిని గుర్తుపట్టేది దాన్ని చూసే. ఎస్సైగారూ, తీర్పు సంగతి తర్వాత, ముందు ఓ టార్పాలిన్ పట్టానైనా కప్పించండి.