వాయవ్యంలో సున్నా

"చాలా సులువు" అన్న మాట ఎక్కడ కనబడినా ఈమధ్య నాకు ఒళ్ళు మండిపోతోంది. వంటల వీడియోలో వినబడినా సరే, ఫోను కట్టేస్తున్నాను. దీనికంతటికీ మూలం పైగేమ్. పైథాన్ భాషలో వీడియో గేములు చేసుకోవడానికి 2000లో పీట్ షిన్నర్స్ అనే ఆయన మొదలుపెట్టిన లైబ్రరీ అది. ఉచితం. "బడిపిల్లలు చేస్తున్నారు మావయ్యా, మీరు చెయ్యలేరా?" అన్నాడు మా మేనల్లుడు. అది ప్రోత్సాహమో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేలలేదు.

ఇన్‌స్టాల్ చెయ్యడం గురించి మాట్లాడను. ఒకే కంప్యూటర్లో రెండు మూడు పైథాన్లు ఉంటాయనీ, ఒకదానికి తెచ్చింది ఇంకోటి ముట్టుకోదనీ అనుభవించినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు సుఖంగా ఉన్నారు, ఉండనివ్వండి.

మొదట విండో తెరవమని రాశాను. తెరుచుకుంది. నేను కళ్ళజోడు సర్దుకునేలోపు మూసుకుంది. "ప్రోగ్రాం అయిపోయింది కదా మావయ్యా, అందుకే పోయింది. వైల్ లూప్ పెట్టండి" అన్నాడు వాడు. పెట్టాను. ఈసారి విండో పోలేదు, నల్లగా బిగుసుకుపోయింది. నెత్తిమీద 'నాట్ రెస్పాండింగ్' అని బోర్డు. లూపులో ఊరికే తిరిగితే చాలదట. తిరిగిన ప్రతిసారీ కీబోర్డూ మౌసూ ఏమన్నాయో కనుక్కోవాలట. కనుక్కోకపోతే, పిలిచినా పలకడం లేదని విండోస్ చాటింపు వేస్తుంది. వంటింట్లోంచి ఇదంతా వింటున్న మా ఆవిడ, "ఏమండీ, ఆ బోర్డు మన హాల్లో ఒకటి పెట్టించుకుందాం, ఎంతవుతుందో కనుక్కోండి" అంది.

1972లో ఆల్ అల్కార్న్ తయారుచేసిన పాంగ్ అనే వీడియో గేములో కోడు ఒక్క ముక్క లేదు. అంతా చిప్పులే. అదృష్టవంతుడు.

ఇక నా ఆటలో బంతి. దాన్ని పైకి ఎగరెయ్యాలని వై విలువకి పది కలిపాను. కిందికి దిగింది. ఇంకో పది కలిపాను. ఇంకా దిగింది. ఇక్కడ సున్నా తెరకి ఎడమవైపు పైమూలన ఉంటుందట, కిందికి పోయేకొద్దీ వై పెరుగుతుందట. ఎగరాలంటే తీసెయ్యాలి, పడాలంటే కలపాలి.

హైస్కూల్లో గ్రాఫు కాగితం మీద లెక్కల మాస్టారు సున్నా ఎక్కడ పెట్టించారు? ఎడమవైపు కిందిమూల. పైవైపు ఉత్తరం అనుకుంటే అది నైరుతి. ఇంటి యజమాని ఉండవలసిన మూల, బరువు పెట్టవలసిన మూల. అంటే మాస్టారి గ్రాఫు వాస్తు ప్రకారం కట్టిందే. ఈ కంప్యూటర్లవాళ్ళు ఆ సున్నాని పీకి వాయవ్యంలో పెట్టారు. అది వాయుదేవుడి మూల, అక్కడ పెట్టింది నిలవదు. అమ్ముడుపోవలసిన సరుకూ, తొందరగా బయల్దేరవలసిన చుట్టాలూ వాయవ్యం గదిలో ఉండాలంటారు మా సిద్ధాంతిగారు. అలాంటి చోట సున్నా పెట్టుకుని బంతి నిలవడం లేదంటే ఎలా?

ఈ సూత్రం దొరికాక నాకు నిద్ర పట్టలేదు. ఈశాన్యంలో నీళ్ళుండాలి కాబట్టి కుడివైపు పైమూల నీలిరంగు గుంట గీశాను. ఆకాశంలో చెరువేమిటని మేనల్లుడు అడిగాడు, వాడికి శాస్త్రం తెలీదు. ఆగ్నేయం అగ్ని స్థానం కనక పేలుళ్ళన్నీ కుడివైపు కిందిమూలే జరిగేలా మార్చాను. నైరుతిలో కథానాయకుణ్ణి నిలబెట్టాను. వాడు అక్కణ్ణుంచి కదిలితే యజమాని స్థానం ఖాళీ అవుతుంది, అందుకని వాడికి ఎగరడం ఉంచి నడక తీసేశాను. 640 బై 480 తెరలో నట్టనడుమ ఉండే బ్రహ్మస్థానం 320, 240 అవుతుంది. అక్కడ బరువు ఉండకూడదని ఏ శత్రువూ అడుగు పెట్టకుండా షరతు రాశాను. మొత్తానికి ఆట వాస్తుకి కుదిరింది. ఆడడానికే ఏమీ మిగల్లేదు.

సున్నా పైమూలన ఉండడానికి అసలు కారణం చాలా చిన్నది. పిక్చర్ ట్యూబు టీవీల్లో ఎలక్ట్రాన్ల పుంజం ఎడమ పైమూల బయల్దేరి, వరస తర్వాత వరస కిందికి గీసుకుంటూ వచ్చేది. కంప్యూటర్లు అదే అలవాటు పట్టుకున్నాయి. ఆ టీవీలన్నీ పాతసామాన్లవాడి బండెక్కిపోయాయి గానీ, సున్నా మాత్రం అక్కణ్ణుంచి దిగలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాతదానికి నవ్వు రాలేదు. ఓడిపోయినవాడికి 'మళ్ళీ ప్రయత్నించండి' అని తెర మీద చూపించాలనుకున్నాను. లైబ్రరీతో వచ్చే ఫాంటుకి తెలుగు రాదు, అన్నీ డబ్బాలే. మంచి తెలుగు ఫాంటు తెచ్చిపెడితే 'మళ్‌ళీ ప్‌రయత్‌నించండి' అని వచ్చింది. ఒత్తులన్నీ పైకొచ్చి వరసలో నిలబడ్డాయి. పెద్ద కంపెనీలకే ఇది కొరుకుడు పడలేదు లెండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి వస్తే చాలు, ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలేవి.

మన ఒత్తుని అక్షరం కింద కూర్చోబెట్టే పనిని ఇవాళ చాలాచోట్ల హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తోంది. దాని వెనక ముందుగా చెప్పుకోవలసిన మనిషి బెహ్దాద్ ఎస్ఫాబోద్, ఇరాన్‌లో పుట్టినాయన. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. మా వీధిలో ఇంటికొకరు సాఫ్ట్‌వేరే. మా ఇంట్లోనూ ఇద్దరున్నారు, ఏవో పరదేశపు బ్యాంకులకి కోడు రాస్తారు. వాళ్ళకి విద్య ఉంది, తీరిక లేదు. నాకు తీరిక ఉంది, ఈ వయసులో ఆ విద్య పట్టుబడేలా లేదు.

పైగేమ్ నుంచి 2023లో చీలి విడిగా సాగుతున్న పైగేమ్-సీఈలో, ఒత్తులు కుదురుగా కూర్చోవడానికి రాస్తున్నది ఏ లిపో నాలుగక్షరాల కోడుతో చెప్పే ఏర్పాటుంది. తెలుగులో ఆట చెయ్యాలనుకునేవాళ్ళు దాంతోనే మొదలుపెట్టండి. ఇంకొక్క మనవి. ముచ్చటపడి మీ మొదటి ఫైలుకి పైగేమ్ అనే పేరు మాత్రం పెట్టకండి. పెట్టారో, పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైలునే లైబ్రరీ అనుకుంటుంది.