సీసా మీది చిట్టీ

1938లో హైదరాబాదు బాగే ఆమ్‌లో మొదటి నుమాయిష్ పెట్టినప్పుడు పెట్టుబడి రెండున్నర రూపాయలు. పూనుకున్నది ఉస్మానియాలో చదువుకున్న యువకులు. దుకాణాలు 50 దాకా వచ్చాయి. ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కీ’ అని పేరు పెట్టారు. మన రాజ్యంలో తయారైన సరుకు మన జనం కళ్లారా చూడాలన్నది వాళ్ల కోరిక. మంచి కోరిక.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. కొన్నాళ్లకు దాని వెనకే లెవీ వచ్చింది. రైతు పండించిన దాంట్లో ఇంత అని సర్కారు చెప్పిన ధరకు కొలిచి ఇవ్వాలి. ఎవరు ఎంత పండించారన్నది పట్వారీ రాసిందే లెక్క. దొరల భూములు ఆ లెక్కలో తేలిగ్గా పడావు అయ్యేవి. చిన్న రైతు భూమికి ఆ అదృష్టం ఉండేది కాదు.

భువనగిరి తాలూకాలో ఒక కౌలుదారు ఆరెకరాలు దున్నుకునేవాడు. అయిదెకరాలు రాళ్ల చెలక. ఒక్క ఎకరం మాత్రం రేగడి. ఒక ఏడు అందులో గొర్రెల మంద కట్టించి జొన్న వేశాడు. ఆ ఒక్క ఎకరమే నాలుగు పల్లాలు పండింది.

దొర కళ్లంలోకి వచ్చి గింజ చేతిలోకి తీసుకుని చూశాడు.

“ఒక సేరు ఏరి గడికి తేరా. పట్నంల నుమాయిష్‌ల పెట్టిస్త. ముల్కంత చూస్తది.”

గ్యాసునూనె దొరకని రోజులు. మొగుడూ పెళ్లామూ ఆముదం దీపం ముందు కూర్చుని ఒక్కొక్క గింజా ఏరారు. పుప్పి గింజ, పగిలిన గింజ, రంగు తగ్గిన గింజ పక్కకు పోయాయి. సేరు జొన్నలు ఏరడానికి రెండు రాత్రులు పట్టింది. ఆమె వాటిని కొత్త గుడ్డలో మూటగట్టి ఇచ్చింది.

నెల తిరక్కముందే అతను భువనగిరిలో రైలెక్కాడు. అడుగుతూ అడుగుతూ బాగే ఆమ్ చేరాడు. దీపాలూ బట్టలూ బొమ్మలూ ఏవీ చూడలేదు. గింజలు పెట్టిన బల్ల ఎక్కడుందో కనుక్కుని దాని ముందు నిలబడ్డాడు. గాజు సీసాలో తన జొన్నలు. గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. సీసా మీద ఉర్దూలో ఒక చిట్టీ అంటించి ఉంది.

అక్కడ నిలబడ్డ కుర్రాణ్ణి అడిగాడు. “ఏం రాసిన్రు సారూ?”

కుర్రాడు చదివాడు. దొర పేరు. ఊరి పేరు. ఎకరానికి నాలుగు పల్లాలు.

“ఇంకొక్కపారి సదువున్రి.”

కుర్రాడు మళ్లీ చదివాడు. అవే మూడు.

ఇంటికొచ్చాక పెళ్లాం అడిగింది. “మన జొన్నలు ఏడ పెట్టిన్రు?”

“నడిమిట్ల పెట్టిన్రు. గాజు సీసల.”

“పేరు రాసిన్రా?”

“ఊరి పేరు రాసిన్రు,” అన్నాడు.

ఆ తర్వాత లెవీకి గిర్దావరూ పట్వారీ వచ్చారు. పట్వారీ లెక్క చదివాడు. ఆరెకరాలు, ఎకరానికి నాలుగు పల్లాలు.

“అయ్యా, నీ బాంచన్. మంద కట్టింది ఒక్కెకరమే. తక్కినది చెలక. ఎకరానికి పల్లా గూడ ఎల్లలే.”

“నుమాయిష్‌ల ఏం రాసిన్రో నేనూ గదే రాసిన. దొర చెప్పిన మాట అబద్ధమంటవా?”

అతను మాట్లాడలేదు. గాదె ఊడ్చి కొలిచారు. చాలలేదు. విత్తనానికి దాచిన కుండ దించారు. కొలత పూర్తయ్యాక చేతిలో ఒక చిట్టీ పెట్టి వెళ్లారు.

సాయంత్రం ఆ చిట్టీ పట్టుకుని ఊరి పంతులు దగ్గరికి వెళ్లాడు. పంతులు దాన్ని వెలుగుకు పెట్టి చదివాడు.

“ఎకరానికి నాలుగు పల్లాలు. ఊరి పేరుంది. పైన నీ పేరు, నీ అయ్య పేరు, ఇంటిపేరు. ఒక్క అక్షరం తప్పులేదు.”