మంచమ్మీద ఫొటో

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ వేలాడే సాఫ్ట్‌వేర్ కోచింగ్ ఫ్లెక్సీలన్నీ చెప్పేది ఒక్కటే: డెమో క్లాసు ఉచితం. డెమో విన్న కుర్రాడికి తనకేమీ రాదని అర్థమవుతుంది, ఫీజు కట్టేస్తాడు. ఈ కిటుకు ఉచిత వైద్య శిబిరానికీ పనికొస్తుందని గ్రహించడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. స్కానింగ్ బల్ల మీంచి లేచిన మనిషికి లోపల ఏదో ఒకటి ఎక్కువో తక్కువో అయిందని తేలుతుంది. కాకపోతే కుర్రాడు జావా నచ్చకపోతే టెస్టింగ్ పట్టుకోవచ్చు. తీసేసిన గర్భసంచిని తిరిగి పెట్టే బ్యాచ్ మాత్రం ఎక్కడా మొదలవదు.

గర్భసంచి మాట ఊరికే తేలేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలై సర్కారు సొమ్ము ప్యాకేజీలుగా ప్రైవేటు ఆసుపత్రులకు చేరడం మొదలయ్యాక, ఈ ఆపరేషన్ల మీద గొడవ రేగి, చివరికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పథకం కింద వాటిని సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేసింది. తర్వాత 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన ఆడవాళ్ల గర్భసంచులే ఇంత బలహీనమని ఏ వైద్యగ్రంథమూ రాయలేదు. నిజమే, ఆ లెక్కలో పథకానికి ముందువీ, చేతిడబ్బుతో చేయించుకున్నవీ ఉన్నాయి. పాపమంతా ఆరోగ్యశ్రీ నెత్తిన రుద్దలేం. అందుకే అంటున్నాను, డబ్బు ఎవరిదన్నది కాదు, కోత ఎందుకన్నది అడగాలి. మనం అడిగేది మాత్రం ఎంతకని.

2020లో కరోనా వైద్యానికి తెలంగాణ సర్కారు రేట్లు కట్టింది: రోజుకు వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలు. సీటీ స్కాను, ఖరీదైన మందుల్లాంటివి ఆ లెక్కలోకి రావంది. ఇక బిల్లు ఎటు పెరగాలో దానికి ఎవరూ దారి చూపక్కర్లేదు. ఫిర్యాదులు ముదిరాక ఆ ఆగస్టులో పంజాగుట్ట పక్కనే సోమాజిగూడలో ఒకటి, బంజారాహిల్స్‌లో ఒకటి, రెండు ఆసుపత్రులకు కరోనా వైద్యం అనుమతి రద్దు చేశారు. ఆరోగ్యశ్రీలో నిఘా ఇంకా గట్టిది, రోగిని మంచమ్మీద ఫొటో తీసి పంపాలి. రోగి మంచమ్మీద ఉన్నట్టు ఫొటో రుజువు చేస్తుంది. ఆమె అక్కడ ఎందుకుందో ఏ కెమెరాకూ అందదు.

ఆసుపత్రుల వాదనలోనూ బలం ఉంది. 2024 దాకా ప్యాకేజీ రేట్లు ఏళ్ల తరబడి కదల్లేదు. బకాయిల కోసం 2025 సెప్టెంబరులో సేవలే ఆపేశారు. సర్కారు ముందు అప్పు తీర్చాల్సిందే, ఎందుకంటే ఆలస్యాన్ని తట్టుకోలేక ముందు తప్పుకునేది నిజాయితీగా నడిచే చిన్న ఆసుపత్రి. మిగిలేది ఆ నష్టాన్ని ఇంకెక్కడో పూడ్చుకోగలిగినవాడే. అలాగని బకాయి చీటీ ఎవరి కడుపు కోయడానికీ అనుమతిపత్రం కాదు. కోతకు ముందు రెండో డాక్టరు అభిప్రాయం తప్పనిసరి చేస్తే నిమ్స్‌లో ఓపీ క్యూ పంజాగుట్ట చౌరస్తా దాకా వస్తుందంటారు. రోగిని ఎవరు పంపమన్నారు? స్కాను, కాగితాలు పంపితే చాలు, అదీ వెనక్కి తీసుకోలేని ఆపరేషన్లకే. ఏ ఆసుపత్రి ఏ వయసువాళ్లకు ఎన్ని చేసిందో నెలనెలా బయటపెడితే సగం పని జనమే చేస్తారు. ఇక ఆ కాగితాలు చూసిన డాక్టరుకు ఫీజు ఏ పద్దులో ఇవ్వాలన్నదే చిక్కు. తెలంగాణ ఆరోగ్యశ్రీ జాబితా 2024లో 1,835 చికిత్సలకు పెరిగింది. 'ఆపరేషన్ అక్కర్లేదమ్మా, ఇంటికెళ్లు' అన్నదానికి అందులో ప్యాకేజీ లేదు.