కీచుమనిన వినుము: టీకా తాత్పర్య సహితము

మూలము:

కీచుమనిన వినుము, గీచిన డిస్కును
కొలిచి చూడు మందు గురుతు తోడ;
జంట విడిచి యొకటి చక్రాన మార్చిన
ప్రక్క లాగు బండి, భయము సుమ్ము.

అవతారిక: సోలాపూరులో తెలంగాణ నుండి వలసవచ్చిన పద్మశాలీలు స్థిరపడిన అశోక్ చౌక్ పరిసరాలలో మగ్గం దిగిన చద్దర్లు, టవళ్లు బేళ్లుగా మారి చిన్న టెంపోలకు ఎక్కుతాయి. అట్టి టెంపో ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లను, డిస్కులను ఎప్పుడు మార్చవలెనన్న సందేహమే ఈ పద్యానికి విషయము. వ్యాఖ్య రాయవలెనన్న కుతూహలం ముందు పుట్టి, మూలం తరువాత పుట్టడం కొత్త కాదు, ఇదీ అట్టిదే.

ప్రతిపదార్థము: కీచుమనిన = ప్యాడు అరగగా, కొన్నిటికి అమర్చి ఉండే సన్నని ఉక్కు రేకు డిస్కును తాకి అరచినచో; వినుము = పెడచెవిని పెట్టకుము; గీచిన డిస్కును = చక్రంతో పాటు తిరుగుతూ, రెండు ప్యాడ్ల నడుమ నొక్కుడుపడి చారలు తేలిన పోత ఇనుప బిళ్లను; అందు గురుతు తోడ = దాని మీదనే ముద్రించి ఉండే కనీస మందపు అంకెతో; కొలిచి చూడుము = మైక్రోమీటరుతో పోల్చుము; జంట విడిచి = ఒకే ఇరుసున ఉన్న రెండవ చక్రాన్ని వదిలి; ప్రక్క లాగు = బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక వైపుకు ఈడ్చును; సుమ్ము = నిశ్చయము. 'చూడుము, అందు' అని విడదీయక 'మందు' అని చదివి డ్రైవరుకు వేరే అర్థం అంటగట్టేవారి పాఠం ఉపేక్షణీయము.

తాత్పర్యము: చప్పుడు విని విప్పవలెను, విప్పి కొలవవలెను, మార్చవలసివస్తే జంటగా మార్చవలెను.

విశేషములు: ఇందులో మొదటి పాదమే వివాదాస్పదము. పవర్‌లూమ్‌ల ఠకఠకల నడుమ బేళ్లు ఎక్కించుకునే బండి ఎంత అరచినా ఆ వీధిలో ఎవరికి వినబడుతుందని పూర్వపక్షము. బండి అక్కల్‌కోట్ రోడ్డు మీదికి వచ్చాక వినబడునని సమాధానం చెప్పవచ్చును గాని, శబ్దప్రమాణానికి అంతకన్న పెద్ద దోషాలున్నాయి. వానలో తడిసి రాత్రంతా నిలిచిన డిస్కుకు పట్టిన పలుచని తుప్పు కూడా ఉదయం మొదటి నాలుగు బ్రేకులకు అరచి ఊరుకుంటుంది; అది ప్యాడు అరగినందుకు గురుతు కాదు. మరోవైపు, ప్యాడ్లను పట్టి ఉండే కాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుపోతే లోపలి ప్యాడు మాత్రమే అరిగిపోతుంది. బయటి ప్యాడును చక్రం సందులోంచి చూసి తృప్తిపడిన వాడు మోసపోతాడు. కాబట్టి చక్రం విప్పక చేసిన నిర్ణయమేదీ నిర్ణయం కాదు. సాధారణంగా కొత్త ప్యాడులో రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడు మార్చడం మేస్త్రీల ఆచారము.

ఇన్ని వేల కిలోమీటర్లకొకసారి మార్చవలెనన్న నియమం పెట్టుకుంటే ఈ విచారమంతా ఎందుకని మరొక శంక. సమతలమైన రోడ్డు మీద ఖాళీగా తిరిగిన కిలోమీటరు, బాలాఘాట్ కొండల మీది తుల్జాపూరు నుండి బరువుతో ఘాటు దిగిన కిలోమీటరు ఒకటి కావు. కావున దూరం ప్రమాణం కాజాలదు. బ్రేకు నూనె మట్టం తగ్గడం మాత్రం మంచి అనుమాన ప్రమాణము. ప్యాడు అరిగిన కొద్దీ దానిని నొక్కే పిస్టను ముందుకు జరిగి, ఆ చోటును నూనె నింపుతుంది. అది కారడం కాదని తేల్చుకోకుండా, కారణం వెదకకుండా డబ్బా నింపేవాడు సాక్ష్యాన్ని తుడిచేసినవాడవుతాడు. పైగా కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టనును వెనక్కి నెట్టగానే నింపిన నూనె పొంగి పైకి వస్తుంది.

డిస్కు విషయంలో లోభం ఎక్కువ. చారలు తేలినంత మాత్రాన అది పారవేయదగినది కాదు. లేతులో సాపు చేయించవచ్చును. సాపు చేశాక కూడా మందం ముద్రించిన అంకెకు పైననే ఉండాలి, లేకుంటే పలుచని ఇనుము వేడిని ఓర్వక వంకరపోవచ్చు, పగుళ్లు పడవచ్చు. బ్రేకు తొక్కినప్పుడు కాలికింద పెడలు కొట్టుకుంటుంటే డిస్కు మందం చుట్టూ సమంగా లేదని ఊహించవలెను. మిల్లీమీటరులో వందో వంతుల తేడా చాలు. ప్యాడు డబ్బు మిగిల్చుకొని, అరిగిన ప్యాడు వెనుక రేకుతోనే డిస్కును గీయించుకొన్నవాని లెక్క ఏ శాస్త్రానికీ అందదు.

ఈ పద్యం పెద్ద లారీలకు చెల్లదని గ్రహించవలెను. మన దేశపు భారీ లారీలలో ఎక్కువ భాగం గాలి ఒత్తిడితో పనిచేసే డ్రమ్ము బ్రేకులవి; వాటిలో అరిగేది లైనరు. 2005లో వచ్చి ఛోటా హాథీగా పేరుపడ్డ టాటా ఏస్‌కు సైతం ముందు మాత్రమే డిస్కులు, వెనుక డ్రమ్ములే.

చివరగా, క్రియలన్నీ ఏకవచనంలో ఉన్నా అవి ఒక్కరిని ఉద్దేశించినవి కావు. వినేది డ్రైవరు, కొలిచేది మేస్త్రీ, మార్చడానికి డబ్బిచ్చేది కేబిన్‌లో ఏనాడూ కూర్చోని సావుకారు. నాలుగో పాదంలోని భయం వీరిలో ఎవరిదో మూలం చెప్పలేదు. ఘాటు దిగేవానిదని వ్యాఖ్యాత అభిప్రాయము.