వారం రోజుల లెక్క

మా రోజుల్లో లెక్కల మాస్టారు శనివారం ఆఖరి పీరియడులో నల్లబల్ల మీద ఒక లెక్క రాసి పోయేవారు. మళ్ళీ శనివారం దాకా జవాబు చెప్పేవారు కాదు. వెంటపడి అడిగినా, "ఎంతవరకూ వచ్చావురా?" అని ఎదురు అడిగేవారు. వారమంతా గొడ్లను తోలుకుపోతున్నా, గోదాట్లో మునుగుతున్నా అదే లెక్క బుర్రలో తిరిగేది.

వాటిలో ఒకటి తెలుగు ఊళ్ళన్నిటికీ తెలిసిందే. చెట్టు మీద కొన్ని పక్షులున్నాయి. దారిన ఇంకో పక్షి వచ్చింది. చెట్టు మీదున్నవీ, మళ్ళీ అన్నీ, వాటిలో సగమూ, ఆ సగంలో సగమూ, ఈ కొత్త పక్షీ కలిస్తే నూరు. చెట్టు మీదున్నవి ఎన్ని? మాలో ఒకడు 40 అనుకుని చూశాడు. 111 వచ్చింది. 32 అనుకుంటే 89 వచ్చింది. నడుమ 36 పట్టుకున్నాడు. ఇంకొకడు పావు వంతును ఒక పాలు అనుకున్నాడు. నాలుగు పాళ్ళు, నాలుగు పాళ్ళు, రెండు, ఒకటి, మొత్తం పదకొండు. వచ్చిన పక్షిని తీసేస్తే 99. పాలు తొమ్మిది, పక్షులు 36. మాస్టారు ఇద్దరినీ బల్ల దగ్గరికి పిలిచి చెప్పించారు. అక్కడితో వదల్లేదు. నూరుకు బదులు ఇంకే సంఖ్యలు పెడితే పక్షులు ముక్కలు కాకుండా నిండుగా వస్తాయో కనుక్కురమ్మన్నారు. 12, 23, 34 అని తెచ్చాం. పదకొండేసి ఎందుకు పెరుగుతున్నాయన్నారు. దానికి ఇంకో వారం. పై తరగతిలో అంకశ్రేఢి పాఠం మొదలైనప్పుడు అది మాకు పాత చుట్టంలా కనిపించింది.

మొన్న మా వీధిలో పదో తరగతి పిల్లవాడికి ఇదే లెక్క ఇచ్చాను. రెండు నిమిషాలు చూశాడు. "ఇది ఏ చాప్టర్‌లోది తాతయ్యా?" అన్నాడు.

నాకు కడుపు రగిలిపోయింది. వాడు తెలివితక్కువవాడు కాదు, మార్కులు బాగానే తెచ్చుకుంటాడు. ఏ చాప్టరో తెలిస్తే ఏ సూత్రం వేయాలో తెలుస్తుంది. సూత్రం తెలిస్తే అంకెలు మార్చి చేసేయవచ్చు. వాడికి నేర్పింది అంతే. స్లిప్ టెస్టు, గైడు, మళ్ళీ స్లిప్ టెస్టు. డిసెంబరుకల్లా సిలబస్ పూర్తి కావాలి, ఆ తర్వాత పరీక్షల దాకా ఒకే రకం లెక్కలు చేసిందే చేయడం. ఒక లెక్క దగ్గర ఆగి అరగంట తికమకపడే హక్కు పిల్లవాడికి లేకుండా పోయింది.

తప్పు పుస్తకానిదనను. 2014లో వచ్చిన పదో తరగతి గణితం పుస్తకాన్ని నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. మా రోజుల్లో అలాంటి పుస్తకం లేదు. ప్రయత్నించమనీ, ఆలోచించి చర్చించమనీ మధ్య మధ్య పెట్టెలు కట్టి ఇచ్చిన ప్రశ్నలు బంగారం. సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడానికీ నిరూపణకూ 20 శాతం అని విద్యా ప్రమాణాలు కూడా పెట్టారు. కాని నేను చూసిన తరగతి గదుల్లో ఆ పెట్టెలు దాటేసి అభ్యాసం లెక్కలకు పోతున్నారు. పెట్టెల్లోని ప్రశ్నలకు కూడా జవాబులు అచ్చేసిన మెటీరియల్ బజార్లో దొరుకుతోంది. జవాబు పక్కనే ఉన్న ప్రశ్న మీద పిల్లలు ఏం చర్చిస్తారు?

పక్షుల లెక్కలా ఆలోచింపజేసే లెక్కలు పరాయి దేశం నుంచి తెచ్చుకున్నవి అనుకునేవాళ్ళున్నారు. 1945లో పోల్యా అనే గణితజ్ఞుడు లెక్క ఎలా విప్పాలో చెబుతూ పుస్తకం రాశాడు. గొప్ప పుస్తకమే. కాని అంతకు ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందే, పావులూరి మల్లన మహావీరుడనే గణితజ్ఞుడి గణిత సారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ మహావీరుడు 142857143ను 7తో గుణించమంటాడు. చేసి చూడండి, రెండు కొసలా ఒకట్లు, నడుమ అన్నీ సున్నాలు. పిల్లవాడి నోట వెంటనే వచ్చే మాట "ఎందుకలా?" అన్నదే. ఆ మాట పుట్టించగలిగితే లెక్క సగం చెప్పినట్టే.

నేను ఏజెన్సీలో లెక్కలు చెప్పినవాణ్ణి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. నీళ్ళు తీసి బడి తెరిచాక తొమ్మిదో తరగతికి ఒక లెక్క ఇచ్చాను. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 43 నుంచి 48కి పది గంటల్లో వచ్చిందనుకోండి. 53కి ఎప్పుడొస్తుంది? త్రైరాశికం లెక్కన ఇంకో పది గంటలు. సగం తరగతి అదే చెప్పింది. ఏటి ఒడ్డు ఊరి అమ్మాయి లేచి, "అంత తొందరగా రాదు సార్. గట్టు దాటాక నీళ్ళు పొలాల మీద పరుచుకుంటాయి" అంది. కూనవరం వైపు పిల్లవాడు ఒప్పుకోలేదు. "కింద శబరి కూడా పొంగితే మన నీళ్ళు ఎటు పోతాయి? ఎగదన్నుతాయి. ఇంకా ముందే వస్తుంది" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. గోదావరిని అడ్డంగా కోసినట్టు బల్ల మీద గీశాం. అడుగున ఇరుకు, పైన వెడల్పు. గంటకు వచ్చే నీళ్ళు అంతే అయినప్పుడు వెడల్పు పెరిగితే ఎత్తు ఎందుకు నెమ్మదిస్తుందో ట్రెపీజియం వైశాల్యంతో తేల్చారు. గ్రాఫు గీస్తే గీత వంగింది. వంగిన గీత అంటే ఏమిటో ఆ పిల్లలకు నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది. 2022 జులైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. గంట గంటకూ నీటిమట్టం సెల్‌ఫోన్లలోకి వచ్చి పడింది. ఆ అంకెలను గ్రాఫు కాగితం మీదికి ఎక్కించారా అని తెలిసిన మాస్టార్లను అడిగాను. నేనడిగినవాళ్ళలో ఒక్కరూ ఎక్కించలేదు. అంత విలువైన లెక్క ఇంటి గుమ్మంలోకి వస్తే వదిలేశారు.

బీడీలు చుట్టే తునికాకు సంగతి తీసుకోండి. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. అంటే 50 వేల ఆకులు. వేసవిలో తెల్లవారకముందే అమ్మతో అడవికి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లానికి మోసిన పిల్లలు జూన్‌లో మన ముందు కూర్చుంటారు. వాళ్ళను అడగాల్సింది చాలా ఉంది. ఒక బస్తా కట్టలు ఆరబెట్టడానికి ఎంత జాగా కావాలి? ఇంట్లో ముగ్గురు కోస్తే బస్తాకు ఎన్నాళ్ళు? నడుమ వాన పడితే? ఏం కొలవాలో, ఏం వదిలేయాలో పిల్లలే తేల్చుకోవాలి. ఒక్కో ఇంటి జవాబు ఒక్కో రకంగా వస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకోవడమే అసలు పాఠం.

ఆ మాటలు ఏ భాషలో అన్నది మా వైపు పెద్ద సంగతి. కోయ పిల్లలకు తెలుగు బడి భాష. రాత లెక్కలో వాళ్ళు తడబడేది చాలాసార్లు కూడికలో కాదు, వాక్యంలో. ముందు గుంపుగా కూర్చుని కోయలో మాట్లాడుకోండి, బొమ్మ గీయండి, తర్వాత తెలుగులో రాయండి అన్నాక నా తరగతిలో నోరు విప్పని పిల్లలు బల్ల దగ్గరికి వచ్చారు. దానికి ఆదరాబాదరా పనికిరాదు. రెండు పీరియడ్లు పోతే పోనివ్వాలి.

మా రోజులన్నీ బాగున్నాయనను. ఎక్కం తప్పితే బెత్తం విరిగేది, అడవి ఊళ్ళ ఆడపిల్లలు హైస్కూలు గడప తొక్కడమే అరుదు. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలున్నాయి, పుస్తకాలు ఉచితం, గ్రాఫు బల్లలున్నాయి. ఇన్ని ఉండీ లెక్క దగ్గర పిల్లవాణ్ణి నిలబడనివ్వకపోవడమే నన్ను తొలిచేస్తోంది.

సిలబస్ ఎప్పుడవుతుంది సార్ అని కుర్ర మాస్టార్లు అడుగుతారు. పక్షుల లెక్క ఒక్కదానిలో భిన్నాలున్నాయి, సరళ సమీకరణం ఉంది, అంకశ్రేఢి ఉంది. వరద లెక్కలో గ్రాఫులున్నాయి, క్షేత్రగణితం ఉంది. మూడు పాఠాలు విడివిడిగా తోయడానికి పట్టే కాలంకన్నా ఇదేమీ ఎక్కువ పట్టదు. పట్టినా నాకు అభ్యంతరం లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రొఫార్మాలు నింపే బదులు ఒక్కో మాస్టారు తన ఊరి లెక్క ఒక్కటి తెచ్చి, పిల్లలు దాన్ని ఎన్ని దారుల్లో విప్పారో చెప్పాలి. చర్ల మాస్టారు తాలిపేరు ప్రాజెక్టు నీళ్ళ లెక్క తేవచ్చు, దుమ్ముగూడెం మాస్టారు ఆనకట్ట లెక్క తేవచ్చు. పిలిస్తే నేనూ వస్తాను, చెప్పడానికి కాదు, వాళ్ళ లెక్కలు చేయడానికి.