స్లో నిలవని సారు

కారు నడుస్తున్నంతసేపూ జనగామ లెక్కల సారు మామూలు పింఛనుదారే. కోమళ్ల టోల్‌గేటు లైన్లో ఆగినప్పుడు స్టీరింగు సన్నగా వణికిందా, ఇక ఆయన ముఖం వెలిగిపోతుంది. "స్లో నిలుస్తలేదు" అంటాడు, ఎన్నాళ్లకో ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో బానెట్ లేస్తుంది. బానెట్ లేచిందంటే వాడకట్టు మొత్తానికి కబురందినట్టే. మెకానిక్ దగ్గరికి పోదామన్నవాళ్లకు ఒకటే జవాబు: "వాడేం జూస్తడు? అన్నీ మార్చాలంటడు." పెద్ద స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు, పిడిని చెవి పక్క ఎముకకు ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఇందులో మోసమేమీ లేదు, ఇనుము గుండా చప్పుడు బాగానే వినిపిస్తుంది. ఎటొచ్చీ ఎక్కడ ఆనించినా ఆయన "ఆఁ, దొరికింది" అంటాడు.

ఆయనకు తెలియదనలేం. వేడెక్కిన పెట్రోల్ ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 700 నుంచి 900 చుట్ల దాకా తిరగాలనీ, ఏసీ వేసినా తూలకూడదనీ పక్కింటి పిల్లగాడికి చెప్పే తీరు చూస్తే పూర్వపు తరగతి గది గుర్తొస్తుంది. కాయిల్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి, ఏది పీకినప్పుడు ఇంజన్‌లో మార్పు రాదో ఆ సిలిండరే దొంగ అని తేల్చడమూ తెలుసు. అవన్నీ పీకి చూశాడు. నాలుగూ మంచివే. దాంతో ఆయనకు కొంచెం నిరాశ.

అసలు బాధ స్క్రూ గురించి. కార్బ్యురేటర్ మారుతీ 800 ఉన్న రోజుల్లో ఒక చిన్న స్క్రూ ఉండేది. అర చుట్టు తిప్పితే ఇంజన్ మాట వినేది. 2000 ప్రాంతంలో ఇంధనాన్ని కంప్యూటరే చిమ్మడం మొదలయ్యాక ఆ స్క్రూ పోయింది, దానితోపాటు సారు పెత్తనమూ పోయింది. కొడుకు హైదరాబాద్ నుంచి బొటనవేలంత స్కానర్ పంపాడు. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్లో పి0505 అని వచ్చింది. దానర్థం ఐడిల్, అంటే సారు చెప్పే స్లో, అదుపులో లోపముందని. "నేను నిన్ననే చెప్పిన గదరా!" అని సారు ఫోన్ మీద మండిపడ్డాడు.

ఇక పెద్ద డాక్టర్లు రంగంలోకి దిగారు. భూపాలపల్లి సడ్డకుడు సింగరేణి ఓపెన్‌కాస్టులో 100 టన్నుల డంపర్ల మధ్య రిటైరైన మనిషి. ఫోన్ స్పీకర్ ఆన్ చేసి ఇంజన్ మీద పెడితే అక్కడి నుంచే నాడి చూశాడు.

"ఎయిర్ ఫిల్టర్ల బొగ్గు దుమ్ము పేరుకుందన్నా."

"జనగామల బొగ్గెక్కడిది?"

"మొన్న సంక్రాంతికి మా ఇంటికొస్తివి గదా!"

మానుకోట బామ్మర్ది లోకంలో మాత్రం ఏ రోగానికైనా ఎలుకే కారణం. ఇంట్లో వడ్ల బస్తాలున్నవాడు, పాపం. "ఎలుక కొరికింది బావా" అన్నాడు, ఇంజన్ చప్పుడు వినకుండానే.

సారు ఇద్దరినీ కొట్టిపారేసి థ్రాటిల్ బాడీ విప్పాడు. నల్లగా మసి. తుడిచి పాత బనియన్ గుడ్డను విజయపతాకంలా వాడకట్టుకు చూపించాడు. బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ 1500 మీద అరిచింది. మసి పోయాక గాలి ఎక్కువ పోతుంది. కంప్యూటర్ కొత్త లెక్క నేర్చుకునేదాకా కొన్ని కార్లలో అలాగే ఉంటుంది. లెక్కల సారుకే ఈ లెక్క తట్టలేదు. కొత్త రోగం పుట్టిందని కుర్చీ తెప్పించుకున్నాడు.

నాలుగో చాయ్ తెచ్చిన సారు భార్య అప్పుడన్నది: "గీడ ఏదో సుయ్యిమంటుంది, సూడుండ్రి." అంతకుముందు టోల్‌గేటు దగ్గరా అన్నదే.

"ఫ్యాన్ అది" అన్నాడు సారు.

ఇంజన్ రెండు రోజులకు అరవడం మానింది గానీ వణకడం మానలేదు. హన్మకొండలో పెళ్లికి పోవాలి కనుక తప్పక మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. నూనె చేతుల కుర్రవాడు స్కానర్ తియ్యలేదు, స్క్రూడ్రైవర్ తియ్యలేదు. చెవొగ్గి, ఇన్‌టేక్ పక్కన ఒక సన్న రబ్బరు పైపును వేలితో గట్టిగా నొక్కిపట్టాడు. వణుకు ఆగిపోయింది. పైపు మీద పంటి గాట్లు.

"ఎలుక సార్. గాలి గుంజుతుంది. సుయ్యిమన్లేదా?"

పెళ్లికి పోతూ రఘునాథపల్లి దాటేదాకా సారు ఆమెకు వివరిస్తూనే ఉన్నాడు, వాక్యూమ్ పైపుకు చిల్లి పడితే ఆ సుయ్ అనే చప్పుడు ఎందుకొస్తుందో.